పాతికేళ్లకే క్యాన్సర్ వస్తే: ఫైలు మీ చేతిలో పెట్టుకోండి

18 నుంచి 35 ఏళ్ల మధ్యలో క్యాన్సర్ బయటపడ్డవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వాళ్ల అమ్మానాన్నలు, అక్కచెల్లెళ్లు, స్నేహితులు చదివినా మంచిదే. నాకు 26 ఏళ్లప్పుడు హాడ్కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ వచ్చింది. అప్పుడు ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. వైద్యం హైదరాబాద్‌లో జరిగింది. ఇప్పుడు మళ్లీ అదే ఊళ్లో అదే పాఠం చెబుతున్నాను. మందుల మోతాదుల సంగతి ఇందులో ఉండదు, అది మీ డాక్టరుగారు చూసుకోవాలి. ఆయన గదిలోకి వెళ్లే ముందు ఏం అడగాలి, ఇంటికొచ్చాక ఎలా ఉండాలి, రైల్లో, ఆఫీసులో, పెళ్లిచూపుల్లో ఏం చెప్పాలి అన్నవే రాస్తాను.

ఈ వయసులో జబ్బు చేస్తే ఒక ఇబ్బంది ఉంది. చట్టం ప్రకారం మనం మైనర్లం కాదు, అయినా ఇంట్లో పిల్లలమే. అందుకే డాక్టరు నాన్నతో మాట్లాడతారు, నాన్న బాబాయితో మాట్లాడతారు, ఇద్దరూ కలిసి అమ్మకి సగం చెబుతారు. మన దాకా వచ్చేసరికి "ఏం లేదమ్మా, చిన్న గడ్డ, మందులు వాడితే పోతుంది" అన్న మాట మిగులుతుంది. నేను చెప్పబోయేవన్నీ ఆ వరస మార్చడం దగ్గరే మొదలవుతాయి.

గడ్డ తగిలినప్పుడు

హాడ్కిన్ లింఫోమా ఎక్కువగా కనిపించే వయసుల్లో 15 నుంచి 35 ఒకటి. మెడ పక్కన, కాలర్ ఎముక పైన, చంకలో నొప్పి లేని గడ్డ వస్తుంది. కొందరికి రాత్రిళ్లు దుప్పటి తడిసేంత చెమట, కారణం తెలియని జ్వరం, ఆరు నెలల్లో ఒంటి బరువులో పదో వంతు తగ్గిపోవడం ఉంటాయి. ఒళ్లంతా దురద పుట్టి చర్మం డాక్టర్ల చుట్టూ తిరిగేవాళ్లూ ఉన్నారు. ఛాతీ లోపల గడ్డ ఉంటే పడుకున్నప్పుడు దగ్గు వస్తుంది.

మన దగ్గర మెడ మీద గడ్డ అనగానే ముందు టీబీ అనుకుంటారు. టీబీ గడ్డలు నిజంగానే మన దగ్గర ఎక్కువ కాబట్టి ఆ అనుమానంలో తప్పు లేదు. కానీ సన్న సూదితో కణాలు లాగి చేసే ఎఫ్ఎన్ఏసీ పరీక్ష ఒక్కటే చూసి టీబీ మందులు మొదలుపెడితే, గడ్డ తగ్గకపోయినా నెలలు గడిచిపోతాయి. హాడ్కిన్‌లో అసలు క్యాన్సర్ కణాలు గడ్డ మొత్తంలో చాలా కొద్ది శాతమే ఉంటాయి, చుట్టూ ఉన్నవన్నీ మామూలు కణాలే. సూదికి ఆ కొన్ని తగలకపోవచ్చు. అందుకని గడ్డని మొత్తంగా తీసి ముక్క పరీక్షకి (బయాప్సీకి) పంపమని అడగండి. ఆ పైన ఐహెచ్‌సీ అనే పరీక్ష చేసి, కణాల మీద సీడీ15, సీడీ30 లాంటి గుర్తులు చూసి ఏ రకమో తేలుస్తారు. రిపోర్టుతో పాటు ల్యాబ్ దగ్గరున్న, గడ్డ ముక్కని దాచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు కూడా అడిగి తీసుకోండి. ఇంకో ఆసుపత్రిలో రెండో అభిప్రాయం కావాలంటే కాగితం సరిపోదు, ఆ బ్లాకులే చూస్తారు. అగ్గిపెట్టెలో పట్టేంత ఉంటాయి, ఎండ తగలకుండా పెట్టుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి అని అడుగుతుంటారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, బసవతారకం ఉన్నాయి. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రాయలసీమ వాళ్లకి తిరుపతి, కర్నూలు, ఇంకా వెల్లూరు సీఎంసీ దగ్గర. ఆసుపత్రి పేరు కంటే ముఖ్యం, మీ కేసుని రక్త క్యాన్సర్లు, లింఫోమాలు చూసే మెడికల్ ఆంకాలజిస్టు గానీ హెమటాలజిస్టు గానీ చూస్తున్నారా అన్నది. జ్వరం వస్తే గంటన్నరలో చేరగలిగే దూరంలో ఒక చోటు ఉండటం కూడా అంతే ముఖ్యం.

ఫైలు

మా నాన్న నా ఫైలుని బట్టల షాపు కవరులో చుట్టి చంకలో పెట్టుకునేవారు. సికింద్రాబాద్ నుంచి గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో తిరిగి వస్తున్నప్పుడు ఆ కవరు మీద చెయ్యి వేసుకునే నిద్రపోయారు. వరంగల్ దాటాక, నేను మెల్లగా లాగి ముక్క పరీక్ష రిపోర్టు చదువుకున్నాను. చివరి పేరాలో జబ్బు పేరు ఉంది. భయం వేసింది, ఆ భయంతో పాటే ఒక నిలకడ కూడా వచ్చింది. అన్నాళ్లూ ఇంట్లో గొంతులు తగ్గించి ఎందుకు మాట్లాడుతున్నారో అర్థమైంది. ఖమ్మంలో దిగాక స్టేషన్ మెట్ల మీదే చెప్పాను: "నాన్నా, రిపోర్టు చదివాను. అందులో ఉన్నది నా ఒంట్లో ఉన్నదే కదా. నువ్వొక్కడివే మోయకు, నాకివ్వు." ఆయన ఏమీ అనలేదు. కవరు నా చేతికిచ్చి ఆటో పిలిచారు.

అమ్మానాన్నలు దాచేది ప్రేమతోనే. దాన్ని తప్పు పట్టకుండానే డాక్టరు దగ్గర మాత్రం మొదటి రోజే తేల్చేసుకోండి. "సార్, ఏ సంగతైనా ముందు నాతో చెప్పండి. అమ్మానాన్న పక్కనే ఉంటారు" అంటే చాలు. చాలామంది డాక్టర్లకి ఈ మాట వినగానే బరువు దిగినట్టు ఉంటుంది.

ఫైలులో ఉండాల్సినవి ఇవి: ముక్క పరీక్ష, ఐహెచ్‌సీ రిపోర్టులు. పెట్ సీటీ స్కాన్ రిపోర్టు, దాని సీడీ. ప్రతి కీమో రోజు చార్టు, అంటే ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తేదీ. ప్రతి సీబీసీ, అంటే రక్తకణాల లెక్క. గుండె ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష. బిల్లులు వేరే కవరులో. అన్నిటికీ ఫోన్లో ఫొటో తీసి, నమ్మకమైన ఇంకొకరికి పంపించండి. వెనక పేజీలో ప్రశ్నలు రాసుకోండి. డాక్టరు గదిలో మనకి దొరికేది కొద్ది నిమిషాలే, ఎదురుగా కూర్చోగానే సగం మర్చిపోతాం. రాసుకున్న కాగితం తీసి చదవడానికి మొహమాటపడకండి.

కీమో మొదలవకముందే పిల్లల సంగతి అడగండి

దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన ఇళ్లలో ఎవరూ ఎత్తని మాట ఇదే. పెళ్లి కాని అబ్బాయి, అమ్మాయి అయితే డాక్టరు కూడా మొహమాటంతో దాటేయొచ్చు.

కొన్ని కీమో మందులు, పొత్తికడుపు దగ్గర ఇచ్చే రేడియేషన్, వీర్యకణాల్ని, అండాల్ని దెబ్బతీస్తాయి. ఎంత అన్నది మందుని బట్టి, మోతాదుని బట్టి, వయసుని బట్టి ఉంటుంది. హాడ్కిన్‌కి సాధారణంగా ఇచ్చే ఏబీవీడీ అనే నాలుగు మందుల కలయిక ఈ విషయంలో కాస్త నయం. బీకాప్ లాంటి గట్టి పద్ధతులు, ఎముక మజ్జ మార్పిడికి ముందు ఇచ్చే పెద్ద కీమో ఎక్కువ నష్టం చేస్తాయి. మొదట ఏబీవీడీతో పోతుందనుకున్నది తర్వాత గట్టి మందుల దాకా వెళ్లొచ్చు. అందుకని మొదటి డోసుకి ముందే అడగాలి.

అబ్బాయిలకి ఇది ఒకటి రెండు రోజుల పని. ఏఆర్‌టీ బ్యాంకుకి, అంటే వీర్యం, అండాలు దాచే చోటికి, వెళ్లి శాంపిల్ ఇస్తే గడ్డకట్టించి దాస్తారు. సిగ్గుపడి వదిలేసిన కుర్రాళ్లని డే కేర్‌లో చూశాను, పెళ్లి వయసు వచ్చాక వాళ్లు పడే బాధ వేరు. అన్నయ్యనో, బావనో తోడు తీసుకెళ్లండి, లోపలికి మీరొక్కరే వెళ్తారు.

అమ్మాయిలకి అండాలు దాచాలంటే 10 నుంచి 14 రోజులు పడుతుంది. నెలసరి కోసం ఆగక్కర్లేదు, ఏ రోజైనా మొదలుపెట్టే పద్ధతి ఉంది. రోజూ పొట్ట దగ్గర ఇంజెక్షన్లు, మధ్యమధ్యలో స్కాన్, చివర్లో మత్తు ఇచ్చి అండాలు తీస్తారు. ఖర్చు లక్ష దాటుతుంది, ఏటా నిల్వ ఫీజు అదనం. అంత వ్యవధి లేకపోతే, లేదా డబ్బు లేకపోతే, కీమో జరిగినన్నాళ్లూ అండాశయాల్ని నిద్రపుచ్చే ఇంజెక్షన్ నెలకోసారి ఇస్తారు. అది అండాలు దాచడంతో సమానం కాదు, కానీ అడగదగ్గదే. ఛాతీలో పెద్ద గడ్డ ఊపిరి ఆడనివ్వకుండా నొక్కుతుంటే మాత్రం డాక్టరు ఆగడానికి ఒప్పుకోరు, అప్పుడు ప్రాణమే ముందు.

2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఈ సేవలు 21 నుంచి 50 ఏళ్ల ఆడవాళ్లకి, 21 నుంచి 55 ఏళ్ల మగవాళ్లకి. పెళ్లి కాలేదన్న కారణంతో అమ్మాయిని వెనక్కి పంపకూడదు. దాచిన అండాల్ని, వీర్యాన్ని పదేళ్ల దాకా ఉంచొచ్చు.

మా పిన్ని "పెళ్లి కాని పిల్లకి అవేం మాటలు" అంది. అమ్మ కూడా మొదట అదే అంది. నేను వాదించలేదు, అమ్మని తీసుకెళ్లి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టాను. ఆవిడ పావుగంట సేపు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆ సాయంత్రం నుంచి ఇంజెక్షన్ అమ్మే ఇచ్చింది. ముందు గాజులు వెనక్కి తోసుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, సిరంజిలో గాలి బుడగ పోయేదాకా వేలితో కొట్టి, "కళ్లు మూసుకో" అని తను కళ్లు మూసుకునేది. నేను "అమ్మా, నువ్వు తెరువు" అనేదాన్ని. ఇంట్లో మా ఇద్దరి మధ్య ఈ మాటలు మామూలైంది ఆ పదిహేను రోజుల్లోనే.

పెళ్లయినవాళ్లు కీమో జరుగుతున్నప్పుడు, అయిపోయాక డాక్టరు సరే అనేదాకా గర్భం రాకుండా చూసుకోవాలి. ఎన్నాళ్లు ఆగాలో సూటిగా అడగండి.

డబ్బు

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ. రెండు చోట్లా ఆసుపత్రిలో ఆ పథకం కౌంటర్ ఉంటుంది, చేరకముందే అక్కడికి వెళ్లాలి. ముందు డబ్బు కట్టి తర్వాత అడిగితే చిక్కు. పథకంలో లేని ఖర్చుకి ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్ఓసీ (ఆసుపత్రికి డబ్బు ఇస్తామన్న హామీ పత్రం) తెచ్చుకోవచ్చు, దానికి ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా కాగితం కావాలి.

ఉద్యోగం ఉంటే రాజీనామా చేయకండి. కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుంది. నెలకి 21,000 లోపు జీతం ఉండి ఈఎస్ఐ కట్టేవాళ్లకి జబ్బు సెలవులో జీతంలో 70 శాతం 91 రోజుల దాకా వస్తుంది. రెండేళ్లుగా ఉద్యోగంలో ఉన్నవాళ్లకి క్యాన్సర్ లాంటి జబ్బులకి ఆ పైన 80 శాతం, రెండేళ్ల దాకా పొడిగిస్తారు. ప్రైవేట్ కాలేజీల్లో, షోరూముల్లో పనిచేసే చాలామందికి ఇది తెలియదు. పీఎఫ్ నుంచి కూడా వైద్యానికి అడ్వాన్సు తీసుకోవచ్చు.

రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీలో క్యాన్సర్ రోగికి టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వచ్చేవాళ్లకి 75 శాతం రాయితీ. ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉన్న రైల్వే ఫారం కౌంటర్‌లో ఇవ్వాలి. వైద్యానికి వెళ్లడానికి, చెకప్‌కి వెళ్లడానికి రెండిటికీ పనిచేస్తుంది.

కీమో రోజుల్లో

ఏబీవీడీ రెండు వారాలకోసారి ఇస్తారు, రెండు డోసులు కలిపి ఒక సైకిల్. రెండు సైకిళ్లయ్యాక పెట్ సీటీ తీసి, దాన్ని బట్టి మిగతాది నిర్ణయిస్తారు. ఎర్రగా ఉండే అడ్రియామైసిన్ ఎక్కించాక మూత్రం ఒకటి రెండు రోజులు ఎర్రగా వస్తుంది, రక్తం అనుకుని కంగారు పడకండి. డకార్బజిన్‌కి వెలుతురు పడదు కాబట్టి సీసాకి నల్ల కవరు తొడుగుతారు, అది ఎక్కేటప్పుడు చెయ్యి నరం మంట పుడుతుంది. మంట భరించకుండా సిస్టర్‌కి చెప్పండి, వేగం తగ్గిస్తారు. నాలుగైదు డోసులయ్యేసరికి నరాలు గట్టిపడి దొరకవు. మందు ఎక్కించడానికి నెలల తరబడి ఉంచే గొట్టం, అంటే ఛాతీలో పోర్ట్ గానీ, చేతిలో పిక్ లైన్ గానీ పెట్టించుకోవచ్చా అని మొదట్లోనే అడగండి. మందు ఎక్కుతుండగా సూది చోట వాపు, భగభగ అనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా పిలవాలి.

జ్వరం విషయంలో ఒక్కటే నియమం. థర్మామీటర్ 100.4 చూపిస్తే, అది అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి బయల్దేరాలి. కీమో అయిన వారం పది రోజులకి తెల్లకణాలు బాగా తగ్గి ఉంటాయి, ఆ టైములో ఇన్‌ఫెక్షన్ గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. పారాసెటమాల్ వేసుకుని పొద్దున చూద్దాం అనుకోకండి. వీధి చివర ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకోకండి. ఎమర్జెన్సీ బల్ల దగ్గర ఇదే మాట చెప్పండి: "కీమో జరుగుతోంది, జ్వరం వచ్చింది, తెల్లకణాలు తగ్గి ఉండొచ్చు." అక్కడికి చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలి. మా ఊళ్లో రాత్రిపూట ఆ మందు ఇచ్చే ఆసుపత్రి ఏదో మొదటి కీమోకి ముందే వెళ్లి అడిగి, పేరు, దారి, ఆటో అతని నంబరు ఫ్రిజ్ మీద అంటించాం. మీరూ అలాగే చేయండి.

తిండి గురించి ఊరంతా సలహా చెబుతుంది. మాంసం వద్దంటారు, గుడ్డు వద్దంటారు, పంచదార తింటే పెరుగుతుందంటారు. ఒంట్లో కండ పోకుండా ఉండటానికి పప్పు, బాగా ఉడికిన గుడ్డు, బాగా ఉడికిన చికెన్, ఇంట్లో తోడేసిన పెరుగు కావాలి. వద్దనుకోవాల్సింది పచ్చిగా ఉండేవి: బయట కోసి అమ్మే పండ్లు, పానీపూరీ, రోడ్డు పక్క మజ్జిగ. మరిగిన చారు తాగొచ్చు, పచ్చిపులుసు మాత్రం రక్తకణాల కౌంట్లు కోలుకునేదాకా వద్దు. అరటి, బత్తాయి లాంటి తొక్క తీసే పండ్లు కడిగి తినండి. నోరు పూస్తే ఆవకాయ, గోంగూర ముట్టుకోలేరు. గ్లాసు కాచి చల్లార్చిన నీళ్లలో కాస్త ఉప్పు, కాస్త తినే సోడా వేసి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలిస్తే ఉపశమనం ఉంటుంది. మలబద్ధకం ఈ మందులతో మామూలే, వాంతులు ఆపే మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి. మూడు రోజులు ఆగి బాధపడకుండా మొదటి రోజు నుంచే సిరప్ అడగండి.

బొప్పాయి ఆకు రసం, లక్ష్మణఫలం కషాయం, గోధుమగడ్డి రసం, పసరు మందులు తెచ్చేవాళ్లు ఉంటారు. వీటిలో కొన్ని కాలేయం మీద భారం వేస్తాయి, కొన్ని కీమో మందుతో కలిసి ఏం చేస్తాయో ఎవరూ చెప్పలేరు. తెచ్చిన పెద్దమ్మ మనసు నొచ్చుకోకుండా సీసా తీసుకుని, "డాక్టరుగారిని అడిగి తాగుతాను పెద్దమ్మా" అనండి. నిజంగానే అడగండి.

జుట్టు రెండో డోసు చుట్టుపక్కల నుంచి రాలుతుంది. దిండు నిండా వెంట్రుకలు చూడటం కంటే ముందే పొట్టిగా కత్తిరించుకోవడం నాకు తేలికైంది. గుండుతో బయటికెళ్తే మన ఊళ్లలో అందరూ "తిరుపతి వెళ్లొచ్చావా అమ్మా?" అంటారు. ఓపిక ఉన్నప్పుడు చెప్పేదాన్ని, లేనప్పుడు నవ్వి ఊరుకునేదాన్ని. మీ జబ్బు సంగతి దారిన పోయే ప్రతి ఒక్కరికీ వివరించాల్సిన బాకీ మీకు లేదు.

ఇంకో మాట అందరి నోటా వస్తుంది: "యువరాజ్ సింగ్‌కి తగ్గలేదా? మళ్లీ ఆడలేదా?" మంచి మనసుతోనే అంటారు. యువరాజ్‌కి వచ్చింది వేరే రకం గడ్డ, 2012లో అమెరికాలో కీమో తీసుకుని అదే ఏడాది సెప్టెంబర్‌లో మళ్లీ మైదానంలో దిగాడు. ఆయన ధైర్యం పెద్దదే. కానీ మీ మందు వేరు, మీ శరీరం వేరు. ఆయన లెక్క చూసుకుని, నేనింకా మంచం మీదే ఉన్నానేంటి అని కుంగిపోకండి.

స్నేహితులకి ఏం మాట్లాడాలో తెలియక ఫోన్లు తగ్గిస్తారు. వాళ్లకి పని అప్పజెప్పండి. "శుక్రవారం ల్యాబ్ నుంచి సీబీసీ తెచ్చిపెట్టు", "కీమో గదిలో నా పక్కన కూర్చో, జబ్బు మాట ఎత్తకు" అని సూటిగా అడిగితే పరుగెత్తుకొస్తారు. రాత్రిళ్లు నిద్ర పట్టక, బతకడం ఎందుకు అనిపించేంత దూరం వెళ్తే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అయిపోయింది అన్న తర్వాత

చివరి డోసు రోజు ఇంట్లో పాయసం వండుతారు. మర్నాటి నుంచి అందరూ తమ పనుల్లోకి వెళ్లిపోతారు. మనకేమో అప్పటిదాకా వాయిదా వేసిన దిగులంతా ఒక్కసారి వచ్చి మీద పడుతుంది. వారం వారం రక్తపరీక్ష, సిస్టర్ పలకరింపు ఉన్నన్నాళ్లూ ఎవరో చూసుకుంటున్నారన్న భరోసా ఉంటుంది, అది ఒక్కసారి ఆగిపోతుంది. ఇది చాలామందికి జరుగుతుంది. మీలో ఏదో లోపం ఉందనుకోకండి. క్యాన్సర్ ఆసుపత్రుల్లో సైకాలజిస్టులు ఉంటారు, వైద్యం ముగిశాక కూడా వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు.

అలసట నెలల తరబడి ఉంటుంది, పడుకుంటే పోదు. రోజూ కొంచెం నడక పెంచుకుంటూ పోతేనే తగ్గుతుంది. లకారం చెరువు కట్ట మీద నేను మొదట్లో సగం దూరానికే కూర్చుండిపోయేదాన్ని. మర్చిపోవడం ఇంకొకటి. బోర్డు మీద లెన్స్ ఫార్ములా సగం రాసి ఆగిపోయేదాన్ని, చిన్నప్పటి నుంచి వచ్చిన ఫార్ములా. పాఠం మొత్తం చిన్న కాగితం మీద వరసగా రాసుకుని టేబుల్ మీద పెట్టుకోవడం మొదలుపెట్టాను. పిల్లలకి కూడా విషయం చెప్పాను, వాళ్లే అందించేవాళ్లు. ఏడాది తిరిగేసరికి కాగితం అవసరం తగ్గింది.

మొదటి రెండు మూడేళ్లు మూడు నెలలకోసారి చెకప్ ఉంటుంది, తిరిగి వచ్చేవి ఎక్కువ భాగం ఆ వ్యవధిలోనే వస్తాయి. స్కాన్ రిపోర్టు వచ్చే ముందు వారం ప్రతి దగ్గూ అదే అనిపిస్తుంది. ఆ వారంలో పెద్ద నిర్ణయాలు పెట్టుకోకండి. రిపోర్టు ఎవరితో కలిసి తెరుస్తారో ముందే అనుకోండి. బాగున్నవాళ్లకి ఊరికే పెట్ సీటీలు తీయక్కర్లేదని డాక్టరు అంటే వినండి, ప్రతి స్కాన్‌లోనూ రేడియేషన్ ఉంటుంది.

తిరిగి వచ్చినా దారి మూసుకుపోదు. మళ్లీ వేరే కీమో ఇచ్చి, మన మూలకణాలే తీసి దాచి, పెద్ద మోతాదు మందు తర్వాత తిరిగి ఎక్కించే మార్పిడి ఉంది. బ్రెంటుక్సిమాబ్, నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి కొత్త మందులు ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. నొప్పి ఎక్కువగా ఉన్న దశలో, బాధ తగ్గించే పాలియేటివ్ వైద్యం అడగడానికి వెనకాడకండి. ఎంఎన్‌జేలో దానికి ప్రత్యేక విభాగం ఉంది. అది ఆశ వదిలేసినవాళ్లకే అన్నది అపోహ, వైద్యం నడుస్తుండగానే తీసుకోవచ్చు.

డిశ్చార్జి రోజున ట్రీట్‌మెంట్ సమ్మరీ అడిగి తీసుకోండి. ఒక్క పేజీలో జబ్బు పేరు, దశ, ఏ మందు మొత్తం ఎంత, రేడియేషన్ ఎక్కడ ఎంత అన్నవి ఉండాలి. ఇరవై ఏళ్ల తర్వాత ఆసుపత్రిలో పాత రికార్డు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆ పేజీ ఎందుకంటే, అడ్రియామైసిన్ వల్ల గుండె మీద ప్రభావం ఏళ్ల తర్వాత కనిపించొచ్చు, కాబట్టి ఎకో ఎప్పుడెప్పుడు తీయించాలో అడగాలి. మెడకి రేడియేషన్ అయితే ఏటా టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చూడాలి. 30 ఏళ్లలోపు ఛాతీకి రేడియేషన్ అయిన అమ్మాయిలకి, ఎనిమిదేళ్లు గడిచాక రొమ్ము పరీక్షలు ఏటా మొదలవ్వాలి, మిగతా ఆడవాళ్ల కంటే చాలా ముందు. ఏబీవీడీలో ఉండే బ్లియోమైసిన్ తీసుకున్నవాళ్లు ఎప్పుడు ఏ ఆపరేషన్‌కి వెళ్లినా, కాన్పుకి వెళ్లినా, మత్తు డాక్టరుకి ఆ మాట తప్పక చెప్పాలి, ఎక్కువ ఆక్సిజన్ ఊపిరితిత్తులకి హాని చేయొచ్చు. రక్తం ఎక్కించాల్సి వస్తే హాడ్కిన్ వచ్చిందని చెప్పి, ఇర్రేడియేట్ చేసిన, అంటే రేడియేషన్ పట్టించిన రక్తం కావాలా అని అడగాలి. నేను ఆ పేజీని చిన్నగా ప్రింటు తీసి లామినేట్ చేయించి ఆధార్ కార్డు వెనక పెట్టుకున్నాను.

ఉద్యోగానికి వెళ్లినప్పుడు మధ్యలో ఖాళీ ఏంటని అడుగుతారు. "ఆరోగ్య కారణాల వల్ల విరామం తీసుకున్నాను, ఇప్పుడు పూర్తిగా పని చేయగలను" అంటే సరిపోతుంది. ఇన్సూరెన్స్ ఫారంలో మాత్రం ఏదీ దాచకండి. దాచి తీసుకున్న పాలసీ అవసరానికి పనికిరాదు. ముందే ఉన్న జబ్బుకి ఎదురుచూడాల్సిన గడువు ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు.

పెళ్లి

మా ఇంట్లో సంబంధాలు చూడటం మళ్లీ మొదలైనప్పుడు, చెప్పకుండా చేసేద్దామన్న బంధువులు ఉన్నారు. బయోడేటాలోనే రాసేయమన్నవాళ్లూ ఉన్నారు. నా పద్ధతి ఇది, మీకు నచ్చితే తీసుకోండి. బయోడేటాలో రాయను. పెళ్లిచూపులు అయి, ఇద్దరికీ నచ్చిందనుకున్నాక, తాంబూలాల మాట రాకముందే, అబ్బాయికి నేనే చెబుతాను. పెద్దవాళ్ల ద్వారా వెళ్తే మాట రంగు మారిపోతుంది. మేనత్త ఫోన్‌లో "ఏదో చిన్న ఆపరేషన్ లెండి" అని మొదలుపెడితే, తర్వాత దాన్ని సరిచేయడం నరకం.

చెప్పేటప్పుడు సమ్మరీ పేజీ ముందు పెట్టండి. వాళ్లు అడిగేవి సాధారణంగా మూడే. మళ్లీ వస్తుందా? రావొచ్చు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది, మా డాక్టరుతో మీరూ మాట్లాడొచ్చు. పిల్లలకి వస్తుందా? హాడ్కిన్ అంటువ్యాధి కాదు, కుటుంబంలో ఒకరికి ఉంటే మిగతావాళ్లకి అవకాశం కొద్దిగా పెరుగుతుంది గానీ చాలామంది పిల్లలకి రాదు. రొమ్ము క్యాన్సర్ లాంటివైతే జన్యు పరీక్ష సంగతి డాక్టరుని అడిగి చెప్పాలి. పిల్లలు పుడతారా? దీనికి నా దగ్గర అండాలు దాచిన రసీదు ఉంది, హార్మోన్ పరీక్షల రిపోర్టు ఉంది.

ఒక సంబంధం అక్కడే ఆగిపోయింది. అబ్బాయి వాళ్లమ్మ స్వయంగా ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు చెప్పావు కాబట్టి నీ మీద గౌరవం పెరిగింది, కానీ మాకు ధైర్యం చాలట్లేదు" అన్నారు. ఏడ్చాను. మా అమ్మ ఆవిడని తిట్టలేదు, నన్నూ ఊరుకోమనలేదు, నా పక్కన కూర్చుంది. ఇప్పుడు మాట నడుస్తున్న అతను మూడు ప్రశ్నలూ అడిగి, నాలుగోది కూడా అడిగాడు: చెకప్ ఏ నెలలో, తను సెలవు పెట్టుకోవాలని.

అండాలో వీర్యమో దాచుకున్నవాళ్లు ఏటా నిల్వ ఫీజు తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఊరు మారినా, ఫోన్ నంబరు మారినా, పెళ్లయి ఇంటిపేరు మారినా బ్యాంకుకి రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు సంతకం తీసుకుని ఆ కాగితాన్ని ఫైలులో పెట్టండి.